స్తన్యపాన సహాయం

స్తన్యపాన సహాయం అనగా కొత్తగా తల్లి అయిన స్త్రీకి బిడ్డకు చనుబాలు ఇచ్చే విషయంలో కుటుంబ సభ్యులు, అనుభవజ్ఞులైన తల్లులు, ఆరోగ్య కార్యకర్తలు, వైద్యులు, ప్రభుత్వం అందించే తోడ్పాటు. చనుబాలివ్వడం ప్రకృతి సహజమైన విషయమే. అయినా అది తల్లి, బిడ్డ ఇద్దరూ కలిసి నేర్చుకోవలసిన పని. ఈ నేర్పు పూర్వం ఇంట్లోని పెద్దవారి ద్వారా సంక్రమించేది. చిన్న కుటుంబాలు, ఆసుపత్రి కాన్పులు, ఉద్యోగాలు, వలసల వలన ఆ మార్గం చాలాచోట్ల సన్నగిల్లింది. అందువలన చాలామంది తల్లులు మొదటి రెండు మూడు వారాలలోనే "పాలు చాలడం లేదు" అనే భయంతో డబ్బా పాలు మొదలుపెడుతున్నారు. సకాలంలో సరైన సలహా, ఓదార్పు లభిస్తే వీరిలో ఎక్కువమంది చనుబాలు కొనసాగించగలరు.

బిడ్డ పుట్టిన గంటలోపు చనుబాలు ప్రారంభించాలని, ఆరు నెలలు నిండేవరకు చనుబాలు తప్ప నీళ్ళతో సహా మరేమీ ఇవ్వరాదని, ఆ తరువాత అదనపు ఆహారంతోపాటు రెండేళ్ళు లేక అంతకు మించి చనుబాలు కొనసాగించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేస్తున్నది. వైద్యులు సూచించిన మందులు, విటమిను చుక్కలు, విరేచనాలకు ఇచ్చే ఓఆర్ఎస్ ద్రావణం ఈ నియమానికి మినహాయింపు.

పాలు తయారయ్యే విధానం

తల్లికి ఎటువంటి సహాయం కావాలో తెలియాలంటే పాలు ఎలా వస్తాయో తెలియాలి. ఇందులో రెండు వేర్వేరు క్రియలున్నాయి. మొదటిది పాలు ఊరడం. బిడ్డ చన్ను చీకినప్పుడు నాడుల ద్వారా మెదడుకు సంకేతం చేరి, పీయూష గ్రంథి ముందుభాగం నుండి ప్రొలాక్టిన్ అనే హార్మోను విడుదలవుతుంది. ఇది పాల ఉత్పత్తికి కారణమవుతుంది. రాత్రివేళ ప్రొలాక్టిన్ ఎక్కువగా విడుదలవుతుంది కనుక రాత్రి పాలివ్వడం చాలా ముఖ్యం.

రెండవది పాలు చేపడం. పీయూష గ్రంథి వెనుకభాగం నుండి వెలువడే ఆక్సిటోసిన్ అనే హార్మోను పాలగ్రంథుల చుట్టూ ఉన్న కండర కణాలను సంకోచింపజేసి పాలను చనుమొన వైపు నెడుతుంది. దూడను విడిచినప్పుడు ఆవు చేపుకు రావడం పాడి రైతులందరికీ తెలిసిన విషయమే. క్రొత్తవారు పొదుగు ముట్టుకున్నా, బెదిరినా ఆవు చేపదు. తల్లి విషయంలోనూ నొప్పి, భయం, సిగ్గు, మందలింపులు ఆక్సిటోసిన్ విడుదలను తాత్కాలికంగా అడ్డుకుంటాయి. బిడ్డను చూడడం, తాకడం, ఏడుపు వినడం, మనసు నిబ్బరంగా ఉండడం దానిని పెంచుతాయి. బాలింతకు ధైర్యం చెప్పడం మర్యాద కోసం చేసే పని మాత్రమే కాదు, దానికి శరీరశాస్త్రపరమైన కారణం కూడా ఉన్నది.

మరొక ముఖ్య సూత్రం ఏమిటంటే, రొమ్ములో పాలు నిలిచి ఉంటే ఉత్పత్తి తగ్గుతుంది, ఖాళీ అవుతున్నకొద్దీ పెరుగుతుంది. బిడ్డకు డబ్బా పాలు పట్టినప్పుడు ఆకలి తీరి బిడ్డ చన్ను తక్కువగా చీకుతుంది. దానితో పాలు మరింత తగ్గుతాయి. అప్పుడు డబ్బా పాలు మరింత పెంచవలసి వస్తుంది. "పాలు చాలడం లేదు" అన్న అనుమానం నిజమయ్యేది ఈ విధంగానే.

ముర్రుపాలు

కాన్పు తరువాత మొదటి కొద్ది రోజులు వచ్చే చిక్కని, పసుపుపచ్చని పాలను ముర్రుపాలు అంటారు. వీటిలో వ్యాధి నిరోధక పదార్థాలు (ముఖ్యంగా ఇమ్యునోగ్లోబులిన్-ఎ), విటమిన్-ఎ సమృద్ధిగా ఉంటాయి. ఇవి కొన్ని చెంచాలకు మించి రావు. అప్పుడే పుట్టిన బిడ్డ జీర్ణాశయం చాలా చిన్నది కనుక ఆ కొద్దిపాటి పాలే సరిపోతాయి. సాధారణంగా రెండవ రోజు నుండి నాలుగవ రోజు లోపల పాలు బాగా పడతాయి. మొదటి కాన్పులోను, శస్త్రచికిత్స ద్వారా కాన్పు అయినప్పుడు ఇది కొంత ఆలస్యం కావచ్చు. ఈ రెండు మూడు రోజుల వ్యవధిని "పాలు పడలేదు" అని పొరబడడం వలన ఎన్నో ఇళ్ళలో డబ్బా పాలు ప్రవేశిస్తున్నాయి.

తెలుగువారి ఆచారాలు

తెలుగునాట తొలి కాన్పుకు ఆడపిల్ల పుట్టింటికి రావడం ఆనవాయితీ. తల్లి, అమ్మమ్మ, పిన్ని, వదిన వంటివారు దగ్గరుండి బిడ్డను ఎత్తుకొనే తీరు, పాలిచ్చే భంగిమ నేర్పేవారు. పూర్వం మంత్రసాని కూడా కాన్పు తరువాత కొన్నాళ్ళు ఇంటికి వచ్చి తల్లికి, బిడ్డకు స్నానం చేయించేది. బాలింతకు ఇంటిపని చెప్పకుండా విశ్రాంతినివ్వడం ఈ ఆచారంలోని గొప్ప మేలు.

బాలింతకు పాలు పడతాయని మునగాకు, మెంతులు, వెల్లుల్లి, నువ్వులు, తెలగపిండి కూర, కోస్తా ప్రాంతాలలో సొరచేప పెట్టడం వాడుకలో ఉన్నది. ఇవి పోషకాహారంగా మంచివే. అయితే పాలు పెరగడానికి ప్రధాన కారణం బిడ్డ తరచుగా, సరిగా చీకడమే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వెలువరించిన ప్రమాణాల ప్రకారం, పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకు 600 కిలో కేలరీలు, తరువాతి ఆరు నెలలు 520 కిలో కేలరీలు అదనంగా అవసరం. కాబట్టి పథ్యం పేరిట పప్పు, కూరలు, పండ్లు, మంచినీళ్ళు తగ్గించడం బాలింతను నీరసపరుస్తుంది.

మానవలసిన అలవాట్లు కొన్ని ఉన్నాయి.

* ముర్రుపాలు అరగవని పిండి పారబోయడం. ఆవు, గేదె ఈనినప్పుడు వచ్చే పాలతో జున్ను వండుకొని ఇష్టంగా తినే ఇళ్ళలోనే బిడ్డకు అందవలసిన ముర్రుపాలను పారబోయడం విచిత్రం.
* పుట్టిన వెంటనే తేనె, పంచదార నీళ్ళు, ఆముదం నాకించడం. తేనెలో బొటులిజం అనే ప్రమాదకరమైన వ్యాధిని కలిగించే సూక్ష్మజీవుల బీజాలు ఉండవచ్చు. ఏడాది లోపు బిడ్డకు తేనె ఇవ్వరాదు.
* ఎండాకాలంలో దాహమవుతుందని నీళ్ళు పట్టడం. చనుబాలలో అధికభాగం నీరే కనుక ఆరు నెలల వరకు వేరే నీళ్ళు అవసరం లేదు.

ఉగ్గుగిన్నెతో పాలు పట్టే పాత పద్ధతి మాత్రం ఇప్పటికీ ఉపయోగకరమైనదే. చన్ను చీకలేని బిడ్డకు పిండిన తల్లిపాలను సీసాకు బదులు శుభ్రమైన ఉగ్గుగిన్నె లేదా చెంచాతో పట్టవచ్చునని వైద్యులు చెబుతారు.

సహాయం లభించే చోట్లు

ఆసుపత్రి: మొదటి సహాయం కాన్పు గదిలోనే లభించాలి. బిడ్డను తుడిచి వెంటనే తల్లి ఎదపై చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెడితే చాలామంది శిశువులు గంటలోపే చన్ను వెదుక్కుంటారు. సిజేరియన్ కాన్పు అయినా, తల్లికి స్పృహ ఉండి ఆరోగ్యం స్థిమితంగా ఉంటే ఇది సాధ్యమే. అయితే ఎవరైనా పక్కన ఉండి బిడ్డను పట్టుకోవాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 88.6 శాతం కాన్పులు ఆసుపత్రులలో జరిగినా, గంటలోపు చనుబాలు అందిన పిల్లలు 41.8 శాతం మాత్రమే. అదే సర్వేలో సిజేరియన్ కాన్పులు దేశంలో 21.5 శాతం కాగా ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతంగా నమోదయ్యాయి. కనుక శస్త్రచికిత్స తరువాత తల్లికి అందే సహాయం తెలుగు రాష్ట్రాలలో మరింత ముఖ్యమైనది.

ఆశా కార్యకర్త: 2011లో మొదలైన గృహ ఆధారిత నవజాత శిశు సంరక్షణ కార్యక్రమం కింద, ఆసుపత్రిలో కాన్పు అయిన తల్లి ఇంటికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజులలో వెళ్ళి చూడాలి. ఇంటి దగ్గర కాన్పు అయితే మొదటి రోజు కూడా వెళ్ళాలి. బిడ్డ బరువు తూచడం, పాలు తాగే తీరు గమనించడం ఈ సందర్శనలలోని పనులు.

అంగన్‌వాడీ కేంద్రం: 1975 అక్టోబరు 2న ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకంలో భాగంగా బాలింతలకు అదనపు ఆహారం, సలహాలు అందుతాయి. తెలంగాణ ప్రభుత్వం 2015లో ఆరోగ్యలక్ష్మి పేరుతో గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీలలో ఒకపూట పూర్తి భోజనం పెట్టే పథకాన్ని ప్రారంభించింది.

కుటుంబం: భర్త, అత్తగారు, అమ్మ చేసే సహాయం అన్నిటికంటే పెద్దది. బిడ్డకు బట్టలు మార్చడం, స్నానం, వంట, పెద్దబిడ్డను చూసుకోవడం వంటి పనులు ఇతరులు పంచుకుంటే తల్లికి నిద్ర దక్కుతుంది. కేంద్ర ప్రభుత్వ పురుష ఉద్యోగులకు 15 రోజుల పితృత్వ సెలవు సౌకర్యం ఉన్నది.

తోటి తల్లులు: 1956లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రానికి చెందిన ఏడుగురు తల్లులు కలిసి లా లెచే లీగ్ అనే సంఘాన్ని స్థాపించారు. ఆ కాలంలో అక్కడ డబ్బా పాల వాడకం సర్వసాధారణం. చనుబాలిచ్చిన అనుభవమున్న తల్లి కొత్త తల్లికి నేర్పడమే ఈ సంఘం పద్ధతి. ఆస్ట్రేలియాలో 1964లో, నార్వేలో 1968లో ఇటువంటి సంఘాలు ఏర్పడ్డాయి. భారతదేశంలో 1991లో బ్రెస్ట్‌ఫీడింగ్ ప్రమోషన్ నెట్‌వర్క్ ఆఫ్ ఇండియా ఏర్పడి, ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణనిస్తున్నది.

విదేశాలలోని తెలుగు కుటుంబాలలో కాన్పు సమయానికి అమ్మ లేక అత్తగారు సందర్శక వీసాపై వెళ్ళి కొన్ని నెలలు తోడుండడం వాడుక. వారు తిరిగి వచ్చిన తరువాత తల్లి ఒంటరి అవుతుంది. కనుక ఆ దేశంలోని స్తన్యపాన సలహాదారులను, తల్లుల సంఘాలను కాన్పుకు ముందే తెలుసుకోవడం మంచిది.

సాధారణ ఇబ్బందులు, సలహాలు

చన్ను సరిగా పట్టకపోవడం: చాలా ఇబ్బందులకు మూలం ఇదే. బిడ్డ నోరు బాగా తెరచి, చనుమొనతోపాటు దాని చుట్టూ ఉన్న నల్లని భాగంలో ఎక్కువ భాగాన్ని నోటిలోకి తీసుకోవాలి. కింది పెదవి బయటికి తిరిగి, గడ్డం రొమ్ముకు ఆనుకొని ఉండాలి. బిడ్డ తల, వీపు ఒకే వరుసలో ఉండి, పొట్ట తల్లికి ఆనుకోవాలి. మొన మాత్రమే పట్టి చీకితే పాలు సరిగా రావు, తల్లికి నొప్పి కలుగుతుంది.

చనుమొన చీలడం: పట్టు సరిచేస్తే చాలావరకు తగ్గుతుంది. పాలిచ్చిన తరువాత ఒక చుక్క పాలు మొనపై రాసి ఆరనివ్వాలి. సబ్బుతో పదేపదే కడగరాదు.

పాలు గడ్డకట్టడం: పాలు పడే రోజులలో రొమ్ములు బిగిసి నొప్పి పుట్టవచ్చు. తరచుగా పాలివ్వడం, చేతితో కొద్దిగా పిండి మెత్తబడిన తరువాత బిడ్డకు పట్టించడం, పాలిచ్చిన తరువాత చల్లని గుడ్డ వేయడం వలన ఉపశమనం కలుగుతుంది.

రొమ్ము వాపు: ఒకచోట ఎర్రబడి, నొప్పి, జ్వరం, చలి ఉంటే వైద్యుని సంప్రదించాలి. ఈ స్థితిలోనూ పాలివ్వడం ఆపకూడదు. ఒక్కసారిగా ఆపితే పరిస్థితి విషమించి చీము పట్టవచ్చు.

పాలు చాలడం లేదనే అనుమానం: బిడ్డ ఏడ్చినంత మాత్రాన, రొమ్ము మెత్తగా ఉన్నంత మాత్రాన పాలు తక్కువని అనుకోరాదు. బిడ్డలు మొదట్లో రోజుకు 8 నుండి 12 సార్లు పాలు తాగుతారు. సాయంత్రం వేళ వెంటవెంటనే అడగడం కూడా మామూలే. ఈ కింది గుర్తులు నమ్మదగినవి.

* మొదటి వారం గడిచాక రోజుకు ఆరు సార్లు, అంతకు మించి మూత్రం పోయడం.
* పుట్టిన తరువాత కొద్దిగా తగ్గిన బరువు సుమారు రెండు వారాలలో తిరిగి రావడం.
* పాలు తాగేటప్పుడు గుటకల చప్పుడు వినిపించడం, తాగిన తరువాత బిడ్డ తృప్తిగా ఉండడం.

పుట్టిన బరువులో 10 శాతం మించి తగ్గినా, బిడ్డ మగతగా ఉండి పాలు తాగకపోయినా, మూత్రం తగ్గినా, పచ్చకామెర్లు ఎక్కువవుతున్నా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకొని వెళ్ళాలి. "ఇంకొన్నాళ్ళు చూద్దాం" అనడం ఇక్కడ ప్రమాదం.

మానసిక వ్యాకులత: కాన్పు తరువాత కొద్ది రోజులు కారణం లేకుండా ఏడుపు రావడం సాధారణం. రెండు వారాలు దాటినా దిగులు, నిద్రలేమి, బిడ్డపై అనాసక్తి, చనిపోవాలనే ఆలోచన ఉంటే అది చికిత్స అవసరమైన వ్యాధి. దీనిని బద్ధకంగానో, గాలి సోకడంగానో భావించరాదు. పాలిస్తూనే వాడదగిన మందులు ఉన్నాయి.

ఉద్యోగం చేసే తల్లులు

భారతదేశంలో 1961 ప్రసూతి ప్రయోజన చట్టానికి 2017లో చేసిన సవరణ ద్వారా, మొదటి ఇద్దరు పిల్లల వరకు వేతనంతో కూడిన సెలవు 12 వారాల నుండి 26 వారాలకు పెరిగింది. తిరిగి పనిలో చేరిన తల్లికి బిడ్డకు 15 నెలలు నిండేవరకు రోజుకు రెండు సార్లు పాలిచ్చుటకు విరామం ఇవ్వాలి. 50 మంది లేక అంతకు మించి పనిచేసే సంస్థలు శిశు సంరక్షణ కేంద్రం ఏర్పాటు చేయాలి. ఈ నిబంధనలను 2020 సామాజిక భద్రతా స్మృతిలోనూ పొందుపరచారు. అయితే వ్యవసాయ కూలీలు, ఇళ్ళలో పనిచేసేవారు, భవన నిర్మాణ కార్మికులు వంటి అసంఘటిత రంగంలోని స్త్రీలకు ఇటువంటి సెలవు ఆచరణలో అందడం లేదు. వీరికి కొంత ఊరటగా 2017లో ప్రధానమంత్రి మాతృ వందన యోజన కింద తొలి కాన్పుకు 5,000 రూపాయల సహాయం ప్రవేశపెట్టారు.

పనికి వెళ్ళే తల్లి పాలు పిండి నిల్వ చేయవచ్చు. చేతులు కడుక్కొని, శుభ్రమైన మూత ఉన్న పాత్రలోకి పిండాలి. పిండిన పాలు 25 డిగ్రీల సెల్సియస్ గది ఉష్ణోగ్రతలో సుమారు 4 గంటలు, రిఫ్రిజిరేటరులో 4 రోజుల వరకు నిల్వ ఉంటాయి. మన ఎండాకాలంలో గది వేడి అంతకంటే ఎక్కువ కనుక వెంటనే చల్లబరచాలి. ఈ పాలను పొయ్యిపై మరిగించకుండా, వేడినీటిలో పాత్రను ఉంచి గోరువెచ్చగా చేయాలి.

చట్టాలు, కార్యక్రమాలు

* 1981 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సభ, తల్లిపాల ప్రత్యామ్నాయాల విక్రయాలను క్రమబద్ధం చేసే అంతర్జాతీయ నియమావళిని ఆమోదించింది.
* 1990లో ఇటలీలోని ఫ్లోరెన్సు నగరంలో ఇన్నొసెంటి ప్రకటన వెలువడింది. దానిని అనుసరించి 1991లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి శిశు మిత్ర ఆసుపత్రుల కార్యక్రమాన్ని ప్రారంభించాయి. తల్లిని, బిడ్డను ఒకే గదిలో ఉంచడం, వైద్య కారణం లేకుండా ఇతర పాలు ఇవ్వకపోవడం, ఇంటికి పంపేటప్పుడు సహాయం దొరికే చోటు చెప్పడం ఇందులోని పది సూత్రాలలో కొన్ని.
* 1992 నుండి ప్రతి సంవత్సరం ఆగస్టు 1 నుండి 7 వరకు ప్రపంచ తల్లిపాల వారోత్సవాలు జరుగుతున్నాయి.
* 1992లో భారత పార్లమెంటు శిశు పాల ప్రత్యామ్నాయాలు, పాల సీసాలు, శిశు ఆహారాల నియంత్రణ చట్టాన్ని చేసింది. 2003లో దీనిని సవరించి మరింత కట్టుదిట్టం చేశారు. రెండేళ్ళ లోపు పిల్లల కోసం అమ్మే ఈ వస్తువులకు ప్రకటనలు ఇవ్వడం, తల్లులకు ఉచిత నమూనాలు, బహుమతులు పంచడం నిషేధం.
* 2016 ఆగస్టులో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ "మా" అనే పేరుతో చనుబాల ప్రోత్సాహక కార్యక్రమాన్ని ప్రారంభించింది.

ఆరు నెలల లోపు చనుబాలు మాత్రమే తాగుతున్న శిశువులు దేశంలో 2015-16 సర్వేలో 54.9 శాతం కాగా 2019-21 సర్వేలో 63.7 శాతానికి పెరిగారు. దాదాపు తల్లులందరూ చనుబాలు ఇవ్వగలిగితే ప్రపంచవ్యాప్తంగా ఏటా సుమారు 8,23,000 శిశు మరణాలను, రొమ్ము క్యాన్సరు వలన తల్లులలో సంభవించే 20,000 మరణాలను నివారించవచ్చునని 2016లో లాన్సెట్ వైద్య పత్రిక ప్రచురించిన వ్యాసాలు అంచనా వేశాయి.

తల్లిపాల బ్యాంకులు

నెలలు నిండక పుట్టిన బిడ్డకు తల్లిపాలు అందనప్పుడు, ఇతర తల్లులు దానం చేసిన పాలు మేలైన ప్రత్యామ్నాయం. ఆసియాలో మొట్టమొదటి తల్లిపాల బ్యాంకు 1989లో ముంబైలోని సయన్ ఆసుపత్రిలో డా. ఆర్మిడా ఫెర్నాండెజ్ కృషితో ఏర్పడింది. హైదరాబాదు నీలోఫర్ ఆసుపత్రిలో 2017లో "ధాత్రి" పేరుతో తల్లిపాల బ్యాంకు ఏర్పాటయింది. దాతలకు రక్తపరీక్షలు జరిపి, సేకరించిన పాలను 62.5 డిగ్రీల సెల్సియస్ వద్ద 30 నిమిషాలు వేడిచేసి, పరీక్షించిన తరువాతనే శిశువులకు ఇస్తారు.

చనుబాలు ఇవ్వలేని పరిస్థితులు

గెలాక్టోసీమియా అనే అరుదైన జన్యు వ్యాధి ఉన్న బిడ్డకు చనుబాలు పనికిరావు. క్యాన్సరుకు వాడే కొన్ని మందులు తీసుకొనే తల్లులు పాలివ్వరాదు. హెచ్ఐవి ఉన్న తల్లి క్రమం తప్పకుండా మందులు వాడుతూ చనుబాలు ఇవ్వవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్నది. ఏ మందు గురించైనా పాలు మాన్పించే ముందు వైద్యుని అడగాలి.

హార్మోను లోపాలు, రొమ్ముపై జరిగిన శస్త్రచికిత్సలు వంటి కారణాల వలన కొద్దిమంది తల్లులకు ఎంత ప్రయత్నించినా పాలు చాలవు. వారు వైద్యుల సలహాతో పాలపొడి వాడవలసి ఉంటుంది. అప్పుడు డబ్బాపై రాసిన కొలత ప్రకారం, మరిగించిన నీటితో కలిపి, సీసాకు బదులు గిన్నె, చెంచాలతో పట్టడం మేలు. పొదుపు కోసం నీళ్ళు ఎక్కువ కలిపితే బిడ్డకు పోషణ అందదు. వచ్చిన కొద్దిపాటి చనుబాలు కూడా ఇస్తూ ఉండవచ్చు.

సహాయానికీ ఒత్తిడికీ తేడా ఉన్నది. "నీకు పాలు లేవు" అనడం ఎంత హానికరమో, పాలు రాని తల్లిని నిందించడం కూడా అంతే హానికరం. తల్లి చెప్పేది ముందు వినడం, బిడ్డ పాలు తాగుతుండగా స్వయంగా చూడడం, ఒకసారికి ఒకటి రెండు సలహాలు మాత్రమే ఇవ్వడం, మళ్ళీ వచ్చి చూడడం మంచి సహాయకుల లక్షణాలుగా శిక్షణలో బోధిస్తారు.